ఇసుక నేలలో బడి తోట, పిల్లలతో వంట: సలహా చెప్పండి

బీచ్‌రోడ్డు టీచరు:
నమస్కారమండీ. విశాఖలో సముద్రం పక్కనే మా బడి. ఐదో తరగతికి చెబుతాను. ప్రహరీ లోపల కాస్త జాగా ఉంది గానీ అంతా ఇసుకే. పొద్దున్న తడిపితే మధ్యాహ్నానికి పొడి. ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడిపోతున్నాయి. పిల్లలు పండించింది వాళ్లచేతే వండించాలని ఎంతో కోరిక. ఏం వెయ్యమంటారు? పొయ్యి దగ్గరికి రానివ్వొచ్చా?

పెందుర్తి రైతుబిడ్డ:
మేడమ్, ఇసుకకి పశువుల ఎరువే ప్రాణం. బాగా చివికింది తెండి, నలిపితే పొడి అవ్వాలి, పేడ వాసన రాకూడదు. కొబ్బరి పొట్టు కలిపితే తడి నిలుస్తుంది. సముద్రం వైపు కొబ్బరాకుల దడి కట్టండి. ముందు తోటకూరే చల్లండి, నెల తిరక్కుండా కోతకొస్తుంది, పిల్లలు అంతకంటే ఆగలేరు. విత్తనం మరీ సన్నం, గుప్పెడు ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడదు. పందిరి పాదులు మాత్రం అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటాకే.

గాజువాక అమ్మ:
పొయ్యి పెద్దవాళ్లకే వదిలెయ్యండి టీచరుగారూ. ఆకు గిల్లడం, మట్టి పోయేదాకా నీళ్లు మార్చి కడగడం పిల్లలకివ్వండి. నానిన పెసరపప్పులో కీరా తురుము, నిమ్మరసం కలిపితే వడపప్పు, మంటతో పనేలేదు. మావాడు తోటకూర ముట్టేవాడు కాదు. బడిలో తను గిల్లిన కూరని మారు వడ్డించుకున్నాడు!

బీచ్‌రోడ్డు టీచరు:
చాలా సంతోషమండీ. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకి రోజుకు తలా 50 గ్రాముల కూరగాయలు పెట్టాలి. మా మడి అంత ఇవ్వదు, పప్పులోకి ఆకు వస్తే చాలు. వంట చేసే అక్కతో రేపే మాట్లాడతాను.