కొత్తపట్నం: కాలనీ సంఘంలో పల్లెపాలెం వారిని చేర్చుకోవాలా?

కాలువగట్టు:
మా కాలనీ సంఘం ఊరి చరిత్ర మీద చిన్న పుస్తకం వేస్తోంది. చిత్తుప్రతి చూశాను. “ఒకప్పుడు ఇదంతా ఇసుక దిబ్బలే” అని మొదలై, ప్లాట్లు, రోడ్లు, వీధి దీపాలతో ముగిసింది. కూతవేటు దూరంలో ఉన్న మత్స్యకారుల పల్లెపాలెం ఊసే లేదు. సభ్యత్వం సంగతీ అంతే, ప్లాటు దస్తావేజు ఉన్నవారికే. పాలెం వారినీ చేర్చుకోవాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో అడగబోతున్నాను. మీరేమంటారు?

విశ్రాంత గుమాస్తా:
అడగండి. నేను మాత్రం ఒప్పుకోను. మనది కాలనీ సంఘం, గ్రామ పంచాయతీ కాదు. మురుగు కాలువ, కాపలాదారు జీతం, నీళ్ల ట్యాంకు చూసుకోవడానికి చందాలు వేసుకుని పెట్టుకున్నది. పాలెం వారికి వారి కాపులు, అంటే కులపెద్దలు, ఉన్నారు. ఆ పెద్దలు వేటకు వెళ్లొద్దని దురాయి (కట్టడి) వేస్తే దాన్ని దాటి పడవ దించేవాడుండడు. మన తీర్మానానికి ఆపాటి విలువ ఉందా? మన నోటీసు బోర్డు మనమే చదవం! అంత గట్టి కట్టుబాటు ఉన్నవారికి మన సంఘంతో పనేమిటి? ఇక పార్కు గోడ దగ్గర ఎండు చేపల వాసన గురించి మాట్లాడితే అందరూ నా మీద పడతారు కాబట్టి మాట్లాడను.

పాలెం కోడలు:
మాట్లాడనంటూనే అనేశారు కదా గుమాస్తా గారూ! ఆ గోడ పక్కన పాత వల పరిచి నెత్తళ్లు ఆరబోసేది మా అత్తే. కాకుల కోసం చేతిలో కర్ర, నెత్తిన తడిగుడ్డ, మధ్యాహ్నం దాకా అక్కడే. ఆమె కాపురానికి వచ్చేనాటికి ఆ గోడ లేదు. వాసన పాతదే, ముక్కులే కొత్తగా వచ్చాయి.

చందా అంటారా, ఏడాది మొత్తం ఏప్రిల్‌లో ఒకేసారి కట్టాలన్నది మీ నిబంధన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు పడవలు ఒడ్డునే ఉంటాయి. సంక్రాంతికి అడిగి చూడండి, ఎవరు కట్టరో!

బడిపంతులు:
ముందు ఆ ఇసుక దిబ్బల వాక్యం కొట్టేయండి. 1937 వేసవిలో కొత్తపట్నంలో రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది. ఒట్టి దిబ్బలను నిషేధించే ప్రభుత్వం ఎక్కడైనా ఉంటుందా? 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా మన ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోది. తర్వాత గుంటూరు, 1970లో ఒంగోలు జిల్లా, 1972లో దానికి ప్రకాశం పేరు. ఇన్ని చేతులు మారిన ఊరికి చరిత్ర లేదనడం విడ్డూరం.

అయితే గుమాస్తా గారి మాటలోనూ కొంత న్యాయముంది. పెద్దలతో చెప్పకుండా పాలెం వారిని ఒక్కొక్కరినీ చేర్చుకుంటే అక్కడ కొత్త తగవు రాజేసినట్లే. ముందు వారి రచ్చబండ దగ్గర మాట కలపాలి. ఎవరు చేరాలో, ఎందరు చేరాలో వారే చెబుతారు.

పాలెం కోడలు:
ఆ ఎందరిలో ఆడవాళ్లూ ఉండాలి మాస్టారూ. పెద్దలు మగవాళ్ల పేర్లే చెబుతారు, ఇప్పుడే చెబుతున్నాను.

కాలువగట్టు:
మంచిది. అచ్చు ఆపమని కార్యదర్శికి చెప్పాను. ఆదివారం పాలెం వెళ్తున్నాం. చందా జనవరికి మార్చాలని తీర్మానం కూడా రాశాను. గుమాస్తా గారూ, మీరూ రండి.

విశ్రాంత గుమాస్తా:
వస్తాను. చందా నెల మార్చడానికైతే చెయ్యెత్తుతాను. సభ్యత్వానికి ఎత్తను.