ఒక్కో పనికి ఒక్కో యాప్ అవసరమా?

గాంధీ రోడ్డులో నాకు ఇత్తడి సామాన్ల కొట్టుంది. కరెంటు బిల్లుకి ఒక యాప్, గ్యాస్‌కి ఒకటి, మందులకి ఇంకొకటి. అమ్మకి ఒకే ఒక్కసారి బీపీ మాత్రలు తెప్పించినందుకు మందుల యాప్ రోజుకి నాలుగుసార్లు పలకరిస్తుంది. మా అల్లుడు కూడా అన్నిసార్లు పలకరించడు. మొన్న బేరం మధ్యలో టింగుమంది. డబ్బులు పడ్డాయనుకుని దీపపు కుందులు కట్టి ఇచ్చేశాను. చూస్తే షాంపూ ఆఫర్! కొనడానికొచ్చినావిడ ఇంకా మెట్ల మీదే ఉంది కాబట్టి సరిపోయింది. ఇవన్నీ ఉంచుకోవాలా, తీసేయాలా?

జవాబు 1:
అన్నా, ఈసారి మోగినప్పుడు ఆ నోటిఫికేషన్‌ని కాసేపు నొక్కి పట్టుకో. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఆఫర్లు వేరుగా, డెలివరీ వేరుగా ఆపుకోవచ్చు. కొన్ని యాప్‌లవాళ్లు కావాలనే రెండూ కలిపేస్తారు. అలాంటివాటికి మొత్తం గొంతు నొక్కేయడమే. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్‌లు ముందే అనుమతి అడుగుతాయి, వద్దను.

జవాబు 2:
నెలకోసారి కట్టే బిల్లుకి యాప్ దేనికండీ? బ్రౌజర్‌లో సైట్ తెరిచి, మెనూలోంచి హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోండి.

జవాబు 3:
నేను ఒప్పుకోను. మాది చిత్తూరు దగ్గర తోతాపురి తోట. వాన కబురు చెప్పే యాప్‌కి వేరే పనే లేదు. కోతల్లో అది మోగితే బుట్టలు వదిలేసి టార్పాలిన్ కోసం పరిగెత్తుతాం.

అడిగినాయన:
మందులది తీసేశాను. పోతూ పోతూ కూడా కూపన్ ఇచ్చింది.