అప్‌డేట్: చందా కట్టకుండానే పని జరిగింది

కొత్తగా కెమెరా కొన్నాను, నెలనెలా చందా లేకుండా ఫొటోలు ఎడిట్ చేసుకోడానికి ఏది మంచిదని పోయిన నెల అడిగాను కదా. మీలో చాలామంది చెప్పిన డార్క్‌టేబుల్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. పూర్తిగా ఉచితం. మొదటి వారం మాత్రం చుక్కలు చూపించింది, అన్ని మాడ్యూళ్లు (ఒక్కో రకం ఎడిట్‌కి ఒక్కో టూల్)! ఇప్పుడు ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, క్రాప్, డీనాయిజ్ (చీకటి ఫొటోల్లో వచ్చే గరుకు చుక్కలు తగ్గించేది), అంతే, మిగతావాటి జోలికి పోవట్లేదు. బెంగళూరు కేఆర్ మార్కెట్‌లో తెల్లవారుజామున తీసిన రా ఫొటోల్లో (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చే ఫైళ్లు), బంతిపూల గుట్టల వెనక చీకట్లో ఉన్న ముఖాలు బాగానే తేలాయి.

ఒక పొరపాటు చేశాను. మా బావ ల్యాప్‌టాప్‌లోకి రా ఫైళ్లు మాత్రమే కాపీ చేస్తే ఎడిట్లేవీ రాలేదు. మనం చేసిన ఎడిట్లు దాచుకునే, పక్కనుండే ఎక్స్‌ఎంపీ ఫైళ్లు కూడా తీసుకెళ్లాలట. నేనేమో చెత్త అనుకున్నా. గింప్ అనే ఇంకో ఉచిత ఫొటో ఎడిటర్ మాత్రం ఇంకా తెరవలేదు.