బిగింపు, బిగువు: ఈ రెండూ ఒకటేనా?

చెన్నై పెరంబూరులో ఉంటాం. ఆదివారం ఇంటి కింద మా పాత కారుకి క్రాంక్ పుల్లీ (ఇంజనుతో పాటు తిరిగే చక్రం) బోల్టు బిగిస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. పానా వేసి తిప్పుతుంటే బోల్టుతో పాటు ఇంజనూ తిరిగిపోతోంది. చివరికి ఐదో గేరులో పెట్టి, మా మేనల్లుణ్ణి బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమన్నాక పని సాగింది. వాడు లోపల్నుంచి “బిగిసిందా మామయ్యా?” అన్నాడు. “బిగించానురా, బిగిసిందో లేదో తెలీదు” అన్నాను. నా నోటి నుంచే వచ్చిన ఆ మాట అప్పట్నుంచీ మనసులో తిరుగుతోంది.

బిగించడం నా చేతి పని, బిగియడం బోల్టు పని. టార్క్ రెంచి, అంటే తిప్పే బలం (టార్క్) ఎంతో అంకెలో చూపే పానా, చూపించేది మొదటిదాన్నే. మనం వేసే బలంలో ఇంచుమించు నూటికి 90 పాళ్లు బోల్టు తల కిందా, మరల్లోనూ (బోల్టు మీద మెలి తిరిగిన గాడుల్లోనూ) రాపిడికే పోతుంది. మిగతా 10 పాళ్లే బోల్టుని రవ్వంత సాగదీస్తుంది. సాగిన బోల్టు మళ్ళీ ముడుచుకోవాలని లాగుతుంది కాబట్టే పుల్లీ కదలకుండా ఉంటుంది. మరల్లో తుప్పో మట్టో ఉంటే రెంచిలో అంకె వస్తుంది, లోపల ఆ లాగుడు మాత్రం రాదు. పొడిగా బిగించాల్సిన చోట నూనె పూస్తే అదే అంకెకి బోల్టు ఎక్కువ సాగుతుంది.

మొదటిదాన్ని బిగింపు అని, రెండోదాన్ని బిగువు అని అనొచ్చా? పంటి బిగువున ఓర్చుకున్నాడంటాం, పంటి బిగింపున అనం కదా. పద్యంలో బిగువుందంటాం. బిగువు లోపల నిలిచి ఉండేది అనిపిస్తోంది. టార్క్‌కి పుస్తకాల్లో బల భ్రామకం ఉంది గానీ, పానా పట్టుకున్నవాళ్ల నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

జవాబు: నెల్లూరు వాణ్ణండీ, అంబత్తూరులో ఇరవై ఏళ్లు ఫిట్టరుగా చేశాను. మీరు చెప్పిన తేడా నిజమే, కానీ మేము బిగువు అనం, పట్టు అంటాం. బోల్టు పట్టింది, పట్టు వదిలింది, ఇలా. కొత్త పిల్లలకి ముందు చెప్పేది, నాలుగు మరలు వేళ్లతో ఎక్కించాకే పానా వెయ్యమని. వేళ్లకి ఎక్కనిదాన్ని పానాతో ఎక్కిస్తే మర చెడిపోతుంది. ఇంకోమాట, బిగుసుకుపోవడాన్ని ఇందులో కలపకండి. బిర్రుగా ఉండటం మనం కోరి చేసింది. బిగుసుకుపోయిందంటే తుప్పు పట్టి మన చెయ్యి దాటిపోయిందని.

జవాబు: మరకి ఇక్కడ తమిళంలో మరై అంటారు. మన మరచెంబులో ఉన్న మర కూడా ఇదే, మూత తిప్పి బిగించే చెంబు కదా. టార్క్‌కి వాళ్లకి ‘ముఱుక్కు విసై’ అన్న మాట ఉంది. ముఱుక్కు అంటే మెలి తిప్పడం, మనం తినే మురుకులకీ ఆ మెలికే పేరు. మనమూ మెలిబలం అనుకోవచ్చుగా?

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మెలిబలం అందంగా ఉంది, కానీ నా చెవికి బోల్టే మెలి పడినట్టు వినిపిస్తోంది. చేతి పనికి బిగింపే ఉంచుకుంటాను. రెండోదానికి నా బిగువు కన్నా ఫిట్టరు గారి పట్టే బాగుంది. బిగువు చూసి తెలుసుకోవాలి, పట్టు అయితే వదిలినప్పుడు కూడా చెప్పడానికి మాట ఉంది. ఈ సాయంత్రం బోల్టు తల మీంచి పుల్లీ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. వచ్చే ఆదివారం ఆ గీత తప్పి ఉంటే పట్టు వదిలినట్టే.