కన్యాశుల్కం పిల్లలకి చెప్పాలి: 1897దా, 1909దా, పొట్టి పుస్తకమా?

ప్రశ్న (చీపురుపల్లి)

డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఈ సెమిస్టర్‌లో పిల్లల చేత కన్యాశుల్కం చదివించాలని ఉంది. మా లైబ్రరీలో స్టేజీకి కుదించిన పొట్టి ప్రతులున్నాయి. తోటి లెక్చరరు ఒకాయన, గురజాడ మొదట అచ్చు వేయించింది 1897లో కదా, అదే చెప్పండి అంటున్నారు. 1909 నాటి పుస్తకం లావు చూస్తేనే పిల్లలకి టెన్షన్. ఏది పట్టుకోమంటారు?

జవాబు (విజయనగరం, రిటైరైన తెలుగు మేష్టారు)

అమ్మా, 1909దే చెప్పండి. మొదటిది కాదనను. 1892లో మన ఊళ్ళో ఆడిన నాటకం అదే. కానీ గురజాడ దాన్ని ఊరికే దిద్దలేదు, తిరగరాశారు. అయిదంకాలు ఏడయ్యాయి. నాటకంలో వేశ్య మధురవాణి ఇవాళ మనకు తెలిసిన మధురవాణి అయింది అక్కడే. పిల్లలు ఒక్కసారే చదివేటప్పుడు ఆయన చెయ్యి తిరిగాక రాసింది చదవాలి.

పొట్టి ప్రతి మాత్రం వద్దు. నేను చూసిన ఒకదాంట్లో సారా దుకాణం రంగం మొత్తం ఎత్తేశారు. కథకి అవసరం లేదని కాబోలు. బైరాగి, హవల్దారు, వీరేశ గుంపుగా కూర్చుని వేదాంతం మాట్లాడే చోటు అది. అది పోతే ఊరే పోయినట్టు. పైగా నౌకరు అసిరిగాడి మాటల్ని పుస్తకాల తెలుగులోకి దిద్దేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కొనేముందు ఒకటి చూడండి: గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికలు రెండూ ఉన్నాయా లేదా అని. మొదటి కూర్పు పీఠికలో విశాఖ జిల్లా లెక్క ఉంది. డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చిన శుల్కం పెళ్ళిళ్ళు మూడేళ్ళలో నమోదైనవి 1034. అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పేరా ముందు చదివి వినిపించండి. తర్వాత నాటకంలో చిన్నపిల్ల సుబ్బి పెళ్ళి మాట వస్తే క్లాసులో ఎవరూ నవ్వరు.

జవాబు (శ్రీకాకుళం, నాటకాలు ఆడేవాడు)

మేష్టారూ, స్టేజీ మీద పూర్తి పాఠం ఆడితే తెల్లారిపోద్ది, కుదించక తప్పదు. చదువుకోడానికి మాత్రం మీ మాటే నాదీ. మేడమ్, మొదటి రంగం విజయనగరం బొంకులదిబ్బలోనే కదా, ఆ రంగం ఇద్దరు పిల్లల చేత గొంతెత్తి చదివించండి. మన పిల్లలకి ఆ యాస నోట్లోనే ఉంది. లావు సంగతి మర్చిపోతారు.

ప్రశ్న అడిగినవారు

మేష్టారూ, ధన్యవాదాలు. మరి 1897ది అసలు చూపించొద్దా?

మేష్టారు

చూపించండమ్మా, చివర్లో. మధురవాణి ఉన్న రంగం ఒకటి తీసుకుని రెండు కూర్పులూ పక్కపక్కన జెరాక్స్ తీసి ఇవ్వండి. ఏం మారిందో పిల్లలే చెబుతారు. పరీక్షకి మాత్రం 1909దే పెట్టండి.