లిల్లీ అంటే ఏ పువ్వు? నేలసంపెంగ, కలువ, వల్లిపద్మం

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఈ తొలకరికి పెరట్లో లిల్లీ దుంపలు నాటాలని అనుకుంటున్నాము. లిల్లీ అంటే నేలసంపెంగేనని మా అత్తగారు అంటున్నారు. అమ్మాయి బడి నిఘంటువులో లిల్లీకి కలువ అని అర్థం ఉంది. ఆన్‌లైన్ అంగడిలో లిల్లీ అని వెతికితే అరచేయంత గులాబీ రంగు పూల బొమ్మలు కనిపిస్తున్నాయి. వీటిలో ఏది లిల్లీ? దానికి సరైన తెలుగు మాట ఏది? పెద్దలు దయచేసి చెప్పగలరు. మాది గోదావరి ప్రాంతం. పెరట్లో ఎండ బాగా పడుతుంది.

జవాబు

అమ్మా, మీ అత్తగారి మాటను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే తెలుగునాట పూల మార్కెట్లో లిల్లీ అని అడిగితే తూచి ఇచ్చేది నేలసంపెంగనే. రైతులు, దండలు కట్టేవారు, ధరల పట్టికలు రాసేవారు అందరూ దానిని లిల్లీ అనే అంటారు కనుక, ఇంగ్లీషులో ఆ మాటకు ఏ అర్థం ఉన్నా తెలుగులో లిల్లీ అన్నది ఈ పువ్వుకు స్థిరపడిన పేరుగానే నేను భావిస్తాను. మొక్క మాత్రం మెక్సికో నుంచి వచ్చింది. హిందీవారు రజనీగంధ అని, కన్నడిగులు సుగంధరాజ అని, తమిళులు నిలసంపంగి అని పిలుస్తారు. శాస్త్రజ్ఞులు చాలాకాలం పోలియాంథెస్ ట్యూబెరోసా అని రాసి, ఈమధ్య దానిని కిత్తలి ప్రజాతిలోకి చేర్చి అగేవ్ అమికా అంటున్నారు. అంటే మనం దండలో గుచ్చే లిల్లీకి అసలైన చుట్టం పొలం గట్టున కంచెగా పెరిగే ముళ్ల కిత్తలి.

నేలసంపెంగ అన్న పేరు నిర్మాణం ఇంకా బాగుంటుంది. నేలవేముకు వేపచెట్టుతో బంధుత్వం లేదు; వేప చేదు ఉంది. నేలఉసిరి ఉసిరిచెట్టు పిల్ల కాదు. ఆకుల వరుస ఉసిరిని తలపిస్తుంది. పెద్ద చెట్టులోని ఒక గుణం చిన్న మొక్కలో కనిపిస్తే ముందు ‘నేల’ చేర్చి పిలవడం మన అలవాటు. సంపెంగ విషయంలో ఆ గుణం వాసన. చెట్టు సంపెంగ, తీగగా పాకే ఆకుసంపెంగ, దుంప నుంచి వచ్చే నేలసంపెంగ వేర్వేరు కుటుంబాలకు చెందినవే అయినా మూడింటినీ ఒక ఇంటిపేరు కిందికి తెచ్చింది ముక్కు. ఇంగ్లీషువారు ‘లిల్లీ’ని కంటితో పంచిపెట్టారు: ఆరు రేకులతో, బూరలాగా విచ్చుకున్న పువ్వు కనిపిస్తే చాలు, చివర ఆ మాట తగిలించారు. డే లిల్లీ, రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ ఆ విధంగా వచ్చినవే. వాటర్ లిల్లీకి, పీస్ లిల్లీకి ఆ పోలిక కూడా సరిగా కుదరదు. పీస్ లిల్లీ మన చేమ, కందల కుటుంబం. కానా లిల్లీ మన మెట్టతామర. వీటిలో ఒక్కటీ శాస్త్రజ్ఞులు అసలు లిల్లీలుగా లెక్కించే లిలియం ప్రజాతికి చెందదు. మీరు బొమ్మలో చూసిన గులాబీ రంగు పువ్వు మాత్రం బహుశా అసలు లిలియమే.

పెరటికి ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం సంకోచం లేకుండా నేలసంపెంగ. అందులోనూ ఒంటిరెక్క రకం, అంటే మార్కెట్లో సింగిల్ అనే రకం. ముద్దపూల రకం కాడతో కోసి కూజాలో పెట్టుకోవడానికి అందంగా ఉంటుంది కానీ, వాసనలో ఒంటిరెక్కదే పైచేయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన వాటిలో శృంగార్, ప్రజ్వల్ ఒంటిరెక్క రకాలు. సువాసిని, వైభవ్ ముద్దరకాలు. ప్రజ్వల్ మొగ్గ కొసన లేత గులాబీ ఛాయ ఉంటుంది, విచ్చుకున్నాక పువ్వు తెల్లబడుతుంది. బొటనవేలి మందానికి తగ్గని, గట్టిగా ఉన్న దుంపలను ఏరుకుని, జానెడు దూరంలో, పైన రెండు మూడు వేళ్ల మట్టి ఉండేటట్లు నాటండి. నీరు నిలవని నేల, బాగా చివికిన పశువుల ఎరువు, రోజంతా ఎండ ఉంటే మూడు నాలుగు నెలలకు కాడ పైకి వస్తుంది. మొగ్గలు జంటలు జంటలుగా కింది నుంచి పైకి విచ్చుకుంటాయి కనుక ఒక్కో కాడ చాలా రోజులు పూస్తూనే ఉంటుంది.

ఒక విషయం చాలామంది గమనించరు. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు. కుదురును తవ్వి చూస్తే నడుమ ఎండిన కాడ మోడుతో ముడుచుకుపోయిన పాత దుంప, దానిని ఆనుకుని చుట్టూ వెల్లుల్లి రెబ్బలంత పిల్ల దుంపలు కనిపిస్తాయి. తరువాతి పూలు ఆ పిల్లలవే. అందుకే మూడేళ్లకొకసారి కుదురును విడదీసి, పెద్ద పిల్లలను మాత్రమే కొత్త మట్టిలో నాటుతారు; అలా వదిలేస్తే దుంపలు ఇరుక్కుపోయి ఆకు మిగులుతుంది, పువ్వు తగ్గుతుంది. లిల్లీ వేస్తే ఆకులే వస్తున్నాయి అన్న ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే.

అసలు లిలియం గురించి కూడా చెప్పాలి. దాని దుంపకు ఉల్లిగడ్డకు ఉన్నట్లు పైపొర ఉండదు; విడివిడి రెబ్బలు బయటికే కనిపిస్తాయి. అందువల్ల ఎండు గదిలో పడి ఉంటే త్వరగా వడలిపోతుంది. కాశ్మీరు, హిమాచల్, నీలగిరుల వంటి చల్లని చోట్లు దానికి అనుకూలం. నీలగిరి, పళని కొండల ఎత్తులలో లిలియం నీల్‌గెరెన్స్ అన్న జాతి తనంతట తానే పెరుగుతుంది. శీతల గదిలో ఉంచి అమ్మే దుంపలను కార్తిక మాసంలో కుండీలో పెడితే గోదావరి ప్రాంతంలో కూడా ఒక విడత పూస్తాయి. వేసవి దాటి మరుసటి ఏడు అదే దుంప పూస్తుందని నమ్మి డబ్బు పెట్టవద్దని నా సలహా. ఏషియాటిక్ రకాలకు రంగులే తప్ప వాసన ఉండదనే చెప్పాలి. వాసన కావాలంటే ఓరియంటల్ రకం అడగాలి.

మరొక సభ్యురాలు

పై వివరణ బాగుంది కానీ, నిఘంటువు కలువ అని ఎందుకు ఇచ్చిందో తేలలేదు. మా ఇళ్లలో లిల్లీ అన్న మాటకు ఇంకొక దారి ఉంది. తెలుగు బైబిలులో పరమగీతం రెండవ అధ్యాయంలో ‘లోయలలో పుట్టు పద్మము’ అని, ఆ వెంటనే ‘వల్లిపద్మము’ అని ఉంటుంది. ఇంగ్లీషు బైబిలులో ఆ రెండు చోట్లా లిల్లీయే. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో అదే లిల్లీ ‘అడవిపువ్వులు’ అయింది. అంటే అనువాదకులే ఒక చోట పద్మం, మరొక చోట అడవిపువ్వు అన్నారు. దీనిని పొరపాటు అనవచ్చా?

మొదటి జవాబు రాసినవారు

పొరపాటు అనడానికి నాకు మనసొప్పదు. పరమగీతంలోని హీబ్రూ మాట షోషన్నా. సూసన్న అన్న పేరు అందులోంచి వచ్చినదే. ఆ హీబ్రూ మాటకు మూలం ప్రాచీన ఈజిప్టు భాషలో నీటిపువ్వును చెప్పే పదమని భాషావేత్తలు చూపుతారు. తెలుగు అనువాదకులు ఆ వ్యుత్పత్తిని చూసి పద్మం అన్నారని నేను అనను. తెలుగు చెవికి అందం, పవిత్రత రెండూ ఒకేసారి తోచే పువ్వును ఎంచుకుని ఉంటారు. అయినా ఆ ఎంపిక మూలానికి ఆశ్చర్యకరంగా దగ్గరగా పడింది. మత్తయిలోని గ్రీకు మాట క్రినాన్. తోటవారికి ఇది మరొక విధంగా పరిచయమే, మన విషముంగలికి శాస్త్రజ్ఞులు పెట్టిన క్రైనమ్ అన్న పేరు ఆ మాటే.

కలువ విషయానికి వస్తే, నిఘంటువు వాటర్ లిల్లీలోని మొదటి మాటను వదిలేసింది. కలువ నీటిలోనే సరి, మడిలో నాటడానికి పనికిరాదు. మీకు ఆ కోరిక ఉంటే అడుగున్నర లోతు తొట్టి, దోమ పిల్లలను తినడానికి నాలుగు గప్పీ చేపలు, ఒక పూటకు తగ్గని ఎండ సమకూర్చుకోండి. రకం ఎంచుకునేటప్పుడు కవిసమయాన్ని నమ్ముకోకూడదు. చంద్రుడిని కలువరేడు అనడం తెల్లకలువ, ఎర్రకలువల విషయంలో నిజమే, అవి రాత్రి విచ్చుకుని పొద్దెక్కాక ముడుచుకుంటాయి. నల్లకలువ మాత్రం పగటి పువ్వు; ఉదయం విచ్చుకుని సాయంత్రానికి మూసుకుంటుంది. ఉద్యోగానికి వెళ్లి రాత్రికి ఇంటికి చేరేవారు నీలం రంగు చూసి ముచ్చటపడి నల్లకలువ కొంటే సెలవు రోజున తప్ప పువ్వు చూడరు.

ప్రశ్న అడిగినవారు

చాలా సంతోషమండీ. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, పిల్లి కూడా ఉంది. అగ్నిశిఖ కూడా లిల్లీయేనని ఒకరు చెప్పారు. వేయవచ్చా?

మొదటి జవాబు రాసినవారు

ఇంగ్లీషులో గ్లోరీ లిల్లీ, ఫ్లేమ్ లిల్లీ అని పిలిచే అగ్నిశిఖ నిజానికి నేలసంపెంగ కంటే లిలియానికి దగ్గరి బంధువు. తమిళనాడు రాష్ట్రపుష్పం అదే. ఆకు కొసే నులితీగగా మారి కంచెను పట్టుకునే ఆ మొక్క అందం నేను కాదనను. తెలుగులో దానికి నాభి, అడవినాభి అన్న పేర్లు కూడా ఉన్నాయి. వత్సనాభి వంటి విషం పేరులోని నాభి ఇక్కడ కూడా వినిపించడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. అగ్నిశిఖ దుంపలో కొల్చిసిన్ అనే విషం ఉంటుంది, కొద్దిగా తిన్నా ప్రాణానికి ముప్పు. పిల్లలు మట్టిలో ఆడే పెరట్లో వేయకండి. లిలియం, డే లిల్లీ పిల్లికి అంతే ప్రమాదం. ఒంటికి అంటిన పుప్పొడిని నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి.

వానకు రెండు మూడు రోజుల తరువాత గట్టు నిండా పూసే రెయిన్ లిల్లీ, వేసవిలో ఎర్రని బూరల్లాంటి పూలిచ్చే హిపియాస్ట్రమ్ మీ నేలలో శ్రమ లేకుండా పెరుగుతాయి, కానీ వాటి దుంపలు కూడా తినకూడనివే కనుక పిల్లలకు అందని కుండీలలో పెట్టండి. కడియం నర్సరీలు మీకు దగ్గరే అనుకుంటాను. అక్కడ ఉత్త లిల్లీ అని అడిగితే పై వాటిలో ఏదైనా చేతికి రావచ్చు. దండల లిల్లీ, ఒంటిరెక్కది, ఇంకా ఒక్కసారీ పూయని పిల్ల దుంపలు కావాలని అడగండి.