పోలాండ్ మీద జపాన్ చివరి పది నిమిషాలు: తెలివా, తొండి ఆటా?

సికింద్రాబాద్_స్టాపర్:
క్రీడాస్ఫూర్తి మాట వస్తే చాలు, జపాన్ అభిమానులు స్టేడియం ఊడ్చిన ఫొటో ఎవరో ఒకరు పెట్టేస్తారు. ఊడ్చారు, మెచ్చుకోవాల్సిందే. కానీ అదే 2018 వరల్డ్ కప్‌లో జూన్ 28న వోల్గోగ్రాడ్‌లో జరిగింది ఎవరికీ గుర్తు రాదు.

చూడనివాళ్ల కోసం చెప్తాను. గ్రూప్ హెచ్ చివరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయంలో. పోలాండ్ అప్పటికే ఇంటిదారి పట్టింది. 59వ నిమిషంలో బెడ్నారెక్ గోల్‌తో జపాన్ 0-1 వెనకబడింది. అటు సమారాలో 74వ నిమిషంలో యెర్రీ మినా హెడర్‌తో కొలంబియా సెనెగల్ మీద ఆధిక్యంలోకి వచ్చింది. దాంతో జపాన్, సెనెగల్ అన్నింట్లో సమానం: చెరి 4 పాయింట్లు, చెరి 4 గోల్స్ కొట్టి 4 ఇచ్చుకున్నారు, ముఖాముఖి మ్యాచ్ 2-2. మిగిలింది ఎల్లో కార్డుల లెక్క. జపాన్‌కి 4, సెనెగల్‌కి 6, కాబట్టి తక్కువున్న జపాన్‌కే తర్వాతి దశ బెర్తు.

82వ నిమిషంలో కోచ్ నిషినో కెప్టెన్ హసెబేని లోపలికి పంపాడు. అక్కడి నుంచి బంతి జపాన్ వెనక వరుసలోని నలుగురి మధ్యే తిరిగింది. కుడి నుంచి ఎడమకి, మళ్లీ కుడికి. పోలాండ్ ఆటగాళ్లు కూడా గెలుస్తున్నాం కదా అని నిలబడి చూశారు. స్టేడియం అంతా ఈలలు, కేకలు. ఓడిపోతున్న జట్టు గోల్ కోసం ప్రయత్నించకుండా, పక్క ఊళ్లో ఇంకెవరో గోల్ కొట్టకూడదని కోరుకుంటూ నిలబడింది. ఇలా వచ్చిన జట్టుకి దక్కిన అర్హత పేరు 'ఫెయిర్ ప్లే' (ఆ కార్డుల లెక్క పేరు అదే)! నాకు ఇది అస్సలు మింగుడుపడదు.

ఎర్రకార్డు:
రూలు టోర్నమెంట్ మొదలవకముందే అందరికీ తెలుసు కదా బ్రో. ఎల్లోకి ఒక పాయింట్ పోతుంది, రెండో ఎల్లోతో బయటకి వెళ్తే మూడు, నేరుగా రెడ్ అయితే నాలుగు. ఇవీ సమానమైతే అప్పట్లో చివరికి చీటీ తీయడమే ఉండేది. మూడు మ్యాచ్‌లు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడి, తక్కువ ఫౌల్స్ చేసి సంపాదించుకున్నదాన్ని కాపాడుకోవడం తొండి ఎలా అవుతుంది? సెనెగల్ చేతిలోనూ 90 నిమిషాలు ఉన్నాయి, ఒక్క డ్రా చాలు, సాధించలేకపోయారు. వాళ్ల కోచ్ అలియూ సిసే కూడా రూల్స్ ఇవే, ఒప్పుకోవాలి అన్నాడు. ఆయనే ఒప్పుకున్నాక మనకెందుకు బాధ?

పైగా అది ఎంత సాహసమో చూడండి. సమారాలో సెనెగల్ ఒక్క గోల్ కొట్టి ఉంటే జపాన్ బయటికే. ముందుకెళ్లి ఆడితే పోలాండ్ ఎదురుదాడిలో రెండో గోల్ పడొచ్చు, అలసటలో ఒక కార్డు రావొచ్చు. ఎండ చూస్తే మండిపోతోంది. నేను కోచ్ అయినా అదే చేస్తాను.

దోహా_నైట్‌షిఫ్ట్:
అన్నా, రూల్‌ల ఉన్నదంతా మంచిదే అయితదా? 2010 వరల్డ్ కప్‌ల ఉరుగ్వే సువారెజ్ ఘానా మీద చేసింది కూడా రూల్ ప్రకారమే. గోల్‌లకు పోతున్న బంతిని చేత్తో ఆపిండు, రెడ్ కార్డు తీస్కున్నడు, ఘానాకు పెనాల్టీ వచ్చింది, గ్యాన్ బార్‌కు కొట్టిండు. శిక్ష పడ్డది, ఆట నడిచింది. మరి ఆయన్ని లోకమంతా దొంగ అన్నది, జపాన్‌ను మాత్రం 'క్రమశిక్షణ' అన్నరు. ఉరుగ్వే చేస్తే మోసం, జపాన్ చేస్తే లెక్కనా?

2022ల నెదర్లాండ్స్, అర్జెంటీనా క్వార్టర్‌ఫైనల్ రోజు నేను దోహలనే ఉన్న. అర్జెంటీనా పరేదెస్ బంతిని డచ్ (నెదర్లాండ్స్) బెంచ్ మీదికి తన్నినప్పుడు చుట్టున్నోళ్లు 'అర్జెంటీనోళ్లు ఇంతే' అన్నరు. డచ్ కెప్టెన్ ఫాన్ డైక్ ఉరికొచ్చి ఆయన్ని గుద్ది పడేస్తే మాత్రం 'కోపమొచ్చింది పాపం' అన్నరు. పెనాల్టీలప్పుడు డచ్చోళ్లు కిక్ కొట్టవోయేటోళ్ల దగ్గరికొచ్చి రెచ్చగొట్టింది ఎవ్వరికీ యాదికి లేదు. గెల్చినంక అర్జెంటీనోళ్లు వెక్కిరించిన ఫొటోనే మిగిలింది.

సికింద్రాబాద్_స్టాపర్:
సువారెజ్‌తో పోల్చడం ఒక విషయంలో కుదరదన్నా. ఆయన చేసిన దానికి ఆయనే మూల్యం చెల్లించాడు, సెమీస్ ఆడలేదు, ఆ మ్యాచ్ ఉరుగ్వే 2-3తో ఓడింది. ఘానా ఆటగాడు అడియా హెడర్ గోల్ లైన్ దాటబోతుంటే చెయ్యి పెట్టడం ఒక్క క్షణంలో జరిగిన పని. జపాన్‌ది డగౌట్ (కోచ్ కూర్చునే చోటు) నుంచి వచ్చిన ఆదేశం. కానీ పేరును బట్టి తీర్పు మారుతోందన్నావు చూడు, ఆ మాటకి నా ఓటు. ఈ చర్చ మొదలెట్టింది అందుకే.

గోదావరి_గోల్‌కీపర్:
దేశానికో ముద్ర వేసే అలవాటు పాతదే. 1966లో వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా క్వార్టర్‌ఫైనల్. అర్జెంటీనా కెప్టెన్ రతీన్‌ని జర్మన్ రిఫరీ క్రైట్లైన్ బయటకి పొమ్మంటే, ఆయన చాలాసేపు మైదానం వదల్లేదు. తనకి దుబాసీ కావాలన్నాడు. మ్యాచ్ అయ్యాక ఇంగ్లండ్ మేనేజర్ ఆల్ఫ్ రామ్జీ అర్జెంటీనా వాళ్లని జంతువులతో పోల్చాడు. ఆ గందరగోళం చూశాకే ఇంగ్లిష్ రిఫరీ కెన్ ఆస్టన్‌కి ఎల్లో, రెడ్ కార్డుల ఆలోచన వచ్చింది, 1970 మెక్సికోలో అమల్లోకి వచ్చాయి. భాష రాకపోయినా రిఫరీ మాట అందరికీ అర్థం కావాలని పెట్టిన కార్డులు అవి. వాటిని లెక్కేసి ఒక జట్టుని ఇంటికి పంపే రోజు వస్తుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు.

ఇక శైలి దేశం రక్తంలో ఉంటుందన్న మాట నేను నమ్మను. 1974లో టోటల్ ఫుట్‌బాల్‌తో (ఎవరైనా ఏ స్థానంలోనైనా ఆడే శైలి) ప్రపంచాన్ని మురిపించిన నెదర్లాండ్స్ 2010 ఫైనల్లో ఏం చేసింది? డి యాంగ్ బూటు స్పెయిన్ ఆటగాడు షాబీ అలాన్సో గుండెల మీద దిగింది, దానికి ఎల్లోతో సరిపెట్టారు. ఆ రాత్రి రిఫరీ హోవర్డ్ వెబ్ మొత్తం 14 ఎల్లోలు తీశాడు, డచ్ ఆటగాడు హైటింగా రెండు తీసుకుని బయటకెళ్లాడు. ఆ ఆటని 1974 జట్టు కెప్టెన్ క్రైఫ్ స్వయంగా తప్పుపట్టాడు. అవే నారింజ చొక్కాలు, కోచ్ వేరు, లెక్క వేరు. అంతెందుకు, హైదరాబాద్ రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం తెచ్చింది. ఆ ఆట ఆయన నేర్పితే వచ్చింది. జపాన్‌ది కూడా జపాన్ స్వభావమేం కాదు, నిషినో నిర్ణయం. నాలుగు రోజుల తర్వాత రోస్తోవ్‌లో ఇదే జట్టు బెల్జియం మీద 2-0 ముందుండి కూడా వెనక్కి తగ్గలేదు. 2-2 అయ్యాక చివరి నిమిషంలో కార్నర్‌కి మనుషుల్ని పైకి పంపింది, ఆ కార్నర్ నుంచే బెల్జియం గోల్‌కీపర్ కుర్తువా బంతి విసిరితే వాళ్ల షాడ్లీ గోల్ కొట్టాడు. 2-3. ఆ రెండు జట్లూ ఒక్కటేనంటే నమ్మబుద్ధి కాదు.

ఎర్రకార్డు:
ఆ బెల్జియం మ్యాచ్ నా వాదనకే బలం. ధైర్యంగా ఆడి ఇంటికెళ్లారు. వోల్గోగ్రాడ్‌లో కూడా అలాగే ఆడి ఉంటే ఆ మ్యాచే ఉండేది కాదు, డ్రెస్సింగ్ రూమ్ శుభ్రం చేసి రష్యన్‌లో థాంక్స్ రాసిపెట్టిన ఫొటో కూడా ఉండేది కాదు.

గోదావరి_గోల్‌కీపర్:
నిజమే. కానీ సెనెగల్ వైపు నుంచి చూడండి. వాళ్లు పోవడంతో 1982 తర్వాత మొదటిసారి ఆఫ్రికా నుంచి ఒక్క జట్టు కూడా నాకౌట్‌కి రాలేదు. ఆ 1982లో ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. అల్జీరియా పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించింది. తన చివరి మ్యాచ్ ముందురోజే ఆడేసింది. దాంతో స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియాలకి ఏ స్కోరైతే ఇద్దరూ గట్టెక్కుతారో ముందే తెలుసు. 10వ నిమిషంలో జర్మనీ ఆటగాడు హ్రూబెష్ గోల్, ఆ తర్వాత 80 నిమిషాలు ఇద్దరూ బంతిని అటూ ఇటూ తన్నుకున్నారు. స్టాండ్స్‌లో అల్జీరియా వాళ్లు కరెన్సీ నోట్లు ఊపి చూపించారు, అమ్ముడుపోయారని. ఫీఫా ఆ ఫలితాన్ని ఒప్పుకుంది. 1986 నుంచి గ్రూపు చివరి మ్యాచ్‌లు ఒకేసారి పెట్టడం మొదలైంది.

దోహా_నైట్‌షిఫ్ట్:
గదే నేను అనేది. రూల్ మార్చిండ్రంటే ముందుది తప్పనే కదా ఒప్పుకున్నట్టు. జర్మనీ, ఆస్ట్రియా కూడా ఒక్క రూల్ గూడ తప్పలే. రూల్ తప్పలేదు కాబట్టి మంచోళ్లు అంటే హిహోన్ల ఆడినోళ్లు కూడా మంచోళ్లే అయితరు.

ఎర్రకార్డు:
హిహోన్‌తో సమానం చేయకండి. అక్కడ రెండు జట్లకీ ఫలితం ముందే తెలుసు, రిస్క్ సున్నా. ఇక్కడ జపాన్ బతుకు సమారాలో ఇంకెవరి కాళ్ల మీదో ఆధారపడి ఉంది. పక్క మ్యాచ్ మీద ఆధారపడాల్సి వచ్చినందుకు సంతోషంగా లేనని నిషినోనే మ్యాచ్ తర్వాత చెప్పాడు. దాచుకోలేదు, సాకులు చెప్పలేదు.

సికింద్రాబాద్_స్టాపర్:
అది నిషినో నిజాయితీ, ఒప్పుకుంటాను. కానీ చేసినాయనే సంతోషంగా లేనన్నదాన్ని మీరెందుకు అంత సంతోషంగా సమర్థిస్తున్నారు? నా అభ్యంతరం ఆ కార్డుల రూలు మీద కూడా ఉంది. కార్డు రిఫరీ చేతిలో ఉంటుంది. ఒకడు చొక్కా లాగితే చూసీచూడనట్టు వదిలేస్తాడు, ఇంకొకడు ఎల్లో తీస్తాడు. అలాంటి లెక్కతో ఒక దేశాన్ని ఇంటికి పంపే బదులు, అన్నీ సమానమైన రెండు జట్లకీ మర్నాడు పెనాల్టీ షూటౌట్ పెట్టినా నయం. గెలిచినా ఓడినా మైదానంలోనే తేలేది.

ఎర్రకార్డు:
షూటౌట్‌కి నేనూ సరే. అయితే ఒకటి. ఆ రూలు ఉండి ఉంటే 82వ నిమిషంలో నిషినో ఏం చేసేవాడు? షూటౌట్ కోసం అదే స్కోరు కాపాడుకునేవాడేమో. అప్పుడు పోలాండ్ కూడా అలాగే నిలబడితే తప్పెవరిది అంటారు?